గురి వెనక చూసే అద్దాలు

నా చిన్నప్పుడు మా గూడెం మొత్తానికీ కళ్లద్దాలు పెట్టుకున్న మనిషి ఒక్కరే, మా తాతయ్య. భద్రాచలంలో ఎవరో డాక్టర్లు వచ్చి శిబిరం పెడితే కంటి పొరలు తీయించుకుని, సీసా అడుగంత మందం అద్దాలతో తిరిగొచ్చాడు. ఒక పక్క కాడ విరిగిపోతే నూలు తాడు కట్టి చెవికి చుట్టుకునేవాడు. ఆయన కునుకు తీసినప్పుడు పిల్లలం ఆ అద్దాలు ఎత్తుకుపోయి, ఎండలో పట్టి, ఎండుటాకులు కాల్చేవాళ్లం. నాకు తెలిసినంతలో కళ్లద్దాలు ముసలితనానికీ, ఆకులు కాల్చడానికీ పనికొచ్చేవి. అవి నా మొహం మీదికి వస్తాయని ఎవరైనా చెప్పి ఉంటే ఏడ్చి ఉండేదాన్ని.

ఏడవడం నాకు పెద్ద పని కాదు. నేను పుట్టు పిరికిదాన్ని. ఈ వయసులో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఉరిమితే భయం, హాస్టల్లో వార్డెనమ్మ తాళాల గుత్తి గలగలమంటే భయం, పేరు పెట్టి ఎవరైనా గట్టిగా పిలిస్తే భయం. అలాంటి పిల్ల చేతికి విల్లు ఎలా వచ్చిందంటే, మా ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన డ్రిల్లు సారు పుణ్యం. ఆయన ఎక్కడినుంచో నాలుగు విల్లులు తెప్పించి, గూడేల పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి, విలువిద్య మీ రక్తంలోనే ఉంది కదా అన్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మా రక్తంలో ఎక్కువగా ఉన్నది మలేరియా. కానీ ఆ విల్లు చేతికి తీసుకున్న మొదటి రోజే నాకు ఏదో అయింది. నారి చెంప దాకా లాగి పట్టుకున్నంతసేపూ ఉరుములూ గుర్తురాలేదు, వార్డెనమ్మా గుర్తురాలేదు. పిరికితనం అంతా వీపులోకి పోయి గట్టిపడినట్టు ఉండేది. ఆ కాసేపు కోసం నేను తెల్లవారకముందే లేచి మైదానానికి పోయేదాన్ని.

మా ఇంట్లోనూ ఒక విల్లు ఉండేది. వెదురుతో చేసిన తాతయ్య విల్లు, నారి విప్పేసి, చూరు కింద వేలాడుతూ. దానికి ఏ హంగులూ లేవు. సారు తెచ్చిన విల్లుకు మాత్రం ముందర ఒక చిన్న గురి రింగు బిగించి ఉండేది. చెయ్యి చాచి విల్లు పట్టుకుంటే ఆ రింగు చెయ్యంత దూరంలో ఉంటుంది. దాని సందులోంచి చూస్తే గడ్డిమోపు మీద అంటించిన రంగుల కాగితం, కాగితం మధ్య పసుపు చుక్క. పసుపు చుక్కను రింగులోకి తెచ్చి వదలాలి. మొదట్లో మమ్మల్ని మోపుకు దగ్గరగా నిలబెట్టినప్పుడు నా బాణాలు పసుపులోనే పడేవి. సారు మురిసిపోయేవారు. తరవాత కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ పోయారు. ఒక్కో జరుపుకీ నాకు పసుపు చుక్క కరిగి ఎరుపులో కలిసింది, ఎరుపు నీలంలో కలిసింది, చివరికి పచ్చటి గట్టు ముందు ఎవరో రంగుల గుడ్డ ఆరేసినట్టు మిగిలింది.

అందరికీ అలాగే కనబడుతుందనుకున్నాను. కాదని తెలిసింది మా తోటి పిల్ల ఒకతె నిలబడిన చోటు నుంచే "నీది నీలంల పడ్డదే" అన్నప్పుడు. నాకు బాణమే కనబడలేదు. ఆ రోజు నుంచి నేను చెవులతో బాణం వేయడం మొదలుపెట్టాను. గడ్డిమోపు నడుమ పడితే బరువుగా ఒక చప్పుడు, అంచున పడితే గరగరమని ఇంకో చప్పుడు. చప్పుడు విని, మొహం మీద నవ్వు పెట్టాలో వద్దో తెలుసుకునేదాన్ని. చెయ్యి అలవాటు మీద పోయేది. చాలా బాణాలు ఎలాగో మోపుకే తగిలేవి.

ఈ సంగతి సారుకు ఎందుకు చెప్పలేదంటే, చెబితే విల్లు తీసేసుకుంటారని. అంతకుముందు కాలు బెణికిన ఒక అమ్మాయిని శిక్షణ నుంచి తప్పించి, విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు, మేకల వెంట పోయింది. పైగా ఎండాకాలం సెలవుల్లో క్యాంపు పెట్టి, అది కాగానే ఖమ్మంలో పోటీ అన్నారు. అందులో నెగ్గితే క్రీడల హాస్టల్లో చదువు. నాన్న సారపాక కాగితపు మిల్లుకు వెదురు ఎత్తే పనికి పోయేవాడు. నేను నెగ్గుతానని తోటి కూలీలందరికీ ముందే చెప్పేసుకున్నాడు. కళ్లు కనబడని పిల్లకు విల్లు ఎవరిస్తారు? కాబట్టి నోరు మూసుకున్నాను.

మా మైదానం వెనక మోకాలెత్తు దాటిన మట్టికట్ట ఒకటి ఉండేది. కట్ట వెనక అడవిలోకి కాలిబాట. మేము బాణాలు వేసేటప్పుడు బాటకు అడ్డంగా తాడు కట్టి, ఎర్రగుడ్డ వేలాడదీసేవారు. అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. తెల్లవారుజామునే అడవిలోకి పోయి, ఎండ ముదిరేలోగా నెత్తిన ఆకుమూటలతో ఆకు కొనే కల్లానికి చేరాలన్న తొందరలో ఉన్న ఆడవాళ్లకు ఎర్రగుడ్డ ఏం కనబడుతుంది? తాడు ఎత్తి, తల వంచి, పోయేవాళ్లు.

ఆ పొద్దున నేను వేసిన ఒక బాణానికి చప్పుడు రాలేదు.

చెవులు రిక్కించి నిలబడ్డాను. బరువు చప్పుడూ లేదు, గరగరా లేదు. పక్కవాళ్లంతా ఎవరి గోలలో వాళ్లున్నారు. బాణాలు ఏరుకునే వేళ అందరూ మోపు దగ్గరికి పోతే, నేను ఒక్కదాన్నే కట్ట ఎక్కి అవతలి గడ్డిలో వెతకసాగాను. అప్పుడు బాటలో మా పక్కింటి అక్క నిలబడి ఉంది. గూడెంలో మా ఇంటి గోడా వాళ్ల ఇంటి గోడా ఒకటే. నెత్తి మీద ఆకుమూట అలాగే ఉంది. రెండు చేతులతో మూటను పట్టుకుని, మెడ కదపకుండా, దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి ఉంది. మూటలో నా బాణం దిగి ఉంది. వెనక ఈకల దగ్గర నేను గుర్తుగా చుట్టుకున్న పచ్చదారం నాకు కనబడేంత దగ్గరికి వచ్చేసరికి అక్క మొహం కూడా కనబడింది. పెదవుల్లో రక్తం లేదు.

"ఇది నీదేనా పిల్లా?" అంది. నేను తల ఊపాను. మూట దించి, బాణం పీకింది. నన్ను తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేదనిపించింది. ఆమె నా మొహంలోకి చూసి, ఏం తోచిందో ఏమో, "మీ సారుకు జెప్ప. మీ అమ్మకు జెప్ప. మీ తాతకు మాత్రం జెప్త. ఆయనకు జెప్పకుంటె నాకు నిద్ర రాదు" అని, బాణాన్ని ఆకుమూట అడుగున దాచి, మూట ఎత్తుకుని పోయింది. నేను గడ్డిలో కూలబడ్డాను. ఆమె మెడకూ మూటకూ మధ్య ఉన్న ఖాళీ ఎంత అని నా రెండు అరచేతులు ఎదురెదురుగా పట్టుకుని చూసుకున్నాను. అంతకన్నా చిన్న ఖాళీని నేను ఇంతవరకు చూడలేదు.

తాతయ్య గూడెం నుంచి హాస్టలుకు వచ్చేదాకా అన్నం నోటికి పోలేదు. మైదానంలో విల్లు పట్టుకున్నా, కడుపు నొప్పని వంక చెప్పి పక్కన కూర్చునేదాన్ని. తాతయ్య కోపిష్టి కాదు, అదే నా భయం. కేకలేసేవాళ్ల కోపం ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. ఆయన వచ్చాడు, కర్ర గోడకు ఆనించాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బాణం మాటే ఎత్తలేదు. ఎదురుగా చెట్టు మీద ఏ పిట్ట ఉందని అడిగాడు. పిట్టేది అన్నాను. పక్క చెట్టు అడిగాడు. అది చెట్టని ఒప్పుకున్నాను గాని ఏ చెట్టో చెప్పలేకపోయాను. ఆయన తన అద్దాలు తీసి, పంచె కొంగుతో తుడుచుకుని, లేచి సారు గదికి నడిచాడు.

ఇంట్లో మేము మా మాటలోనే మాట్లాడుకుంటాం, సారుతో మాత్రం తాతయ్యకు తెలుగే. "బిడ్డకు కండ్లు ఆనుత లేవు సారూ. విల్లు గుంజుకోకుండ్రి. అద్దాలు ఇప్పియ్యుండ్రి" అన్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఆ మాట విన్నాను. గుంజుకోవద్దని ఆయనే అడిగాడు. సారు తల పట్టుకున్నారు. ఇన్నాళ్లు గమనించనందుకు ఆయన తనను తానే తిట్టుకున్నారు గాని నన్ను ఏమీ అనలేదు. అక్క మూట సంగతి తాతయ్య ఆయన ఒక్కరికే, బయట వేపచెట్టు దగ్గర చెప్పాడు.

ఖమ్మం పోయాం, సారూ తాతయ్యా నేనూ. సారు విల్లును గోనెగుడ్డలో చుట్టి తెచ్చారు. బస్సులో కండక్టరు అదేందని అడిగితే తాతయ్య తొణక్కుండా, మా పిల్ల చెయ్యి అని చెప్పాడు. ఖమ్మంలో దిగగానే మిరప ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. దవాఖానాలో కళ్ల డాక్టరు గారు అక్షరాలు చదివించి, నంబరు కాస్త ఎక్కువే ఉందన్నారు. ఇంత నంబరు ఒక్కసారిగా పెడితే కొందరు పిల్లలకు తల తిరుగుతుంది, కావాలంటే మొదట తక్కువదానితో మొదలుపెట్టి తరవాత పెంచుకోవచ్చని రెండూ రాసిచ్చారు.

కళ్లద్దాల దుకాణం పెద్దాయన అద్దాలు మార్చి చూసే ఇనప చట్రం ఒకటి నా ముక్కు మీద పెట్టి, గోడ మీది అక్షరాలు చూడమన్నాడు. సారు ఒప్పుకోలేదు. ఈ పిల్ల గోడకు ఎదురుగా నిలబడి చూసేది కాదండీ అని విల్లు విప్పారు. బాణం లేకుండా దుకాణం అరుగు మీద నన్ను నిలబెట్టి, లాగమన్నారు. బజారంతా పోగయింది. విల్లు లాగినవాళ్లు పక్కకు తిరిగి నిలబడతారు, మొహం ఒక్కటే ఎడమకు తిప్పి గురి చూస్తారు. కాబట్టి కన్ను అద్దం నడుమ నుంచి చూడదు, ముక్కు పక్క మూల నుంచి చూస్తుంది. ఆ మూలలో చట్రం అంచు అడ్డం వచ్చి నాకు రింగు సగమే కనబడింది. పెద్దాయన ముచ్చటపడి, "ఇన్నేండ్ల నుంచి అద్దాలు అమ్ముతున్న, గిట్ల మూలకెల్లి జూసే గిరాకి రాలే" అని, లోపలికి పోయి మగవాళ్లు పెట్టుకునే వెడల్పాటి చట్రాలు వెతికి తెచ్చాడు. నా చిన్న మొహానికి అవి కిటికీ తలుపుల్లా ఉన్నాయి. తాతయ్య నన్ను చూసి నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

ఇనప చట్రంలో మొదట ఎక్కువ నంబరు అద్దాలు వేశారు. వీధి వైపు చూశాను.

ఆ క్షణం గురించి చాలామంది ముచ్చటగా చెబుతారు. ఆకులు విడివిడిగా కనబడ్డాయి, లోకం తేటపడింది అంటారు. నాకు మాత్రం భయం వేసింది. వీధి చివరిదాకా మనుషులే. అంత దూరంలో కూడా వాళ్లకు మొహాలు ఉన్నాయి. మిరప బస్తాల బండి మీద కూర్చున్న ఒక ముసలామె చెంప గోక్కుంటోంది. ఒకాయన చంకలో పిల్లాడు నా వైపే చూస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆ దూరమంతా నాకు ఖాళీ. ఆ ఖాళీలోకే నేను బాణాలు వేశాను. అక్క నెత్తి మీది మూట కళ్ల ముందు ఆడింది. వెంటనే అద్దాలు గుంజేసుకుని, తల తిరుగుతోందని చెప్పాను. తక్కువ నంబరువి వేశారు. ప్రాణం కుదుటపడింది. చెయ్యంత దూరంలో రింగు గట్టిగా, గీత గీసినట్టు నిలబడింది. దాని వెనక ఎదుటి దుకాణం బోర్డు రంగు మెత్తగా ఉంది. దాని వెనక మళ్లీ ఎవరూ లేరు.

ఏది కావాలో అక్కడే తేల్చలేకపోయాం. పెద్దాయన రెండు జతలూ చేసి ఇచ్చాడు, నల్ల చట్రంలో ఎక్కువవి, గోధుమరంగు చట్రంలో తక్కువవి. మైదానంలో వాడి చూసుకుని, వద్దనుకున్న జత బస్సులో ఎవరి చేతైనా పంపమన్నాడు. ఆ మంచితనానికి తాతయ్య అతనికి ఇప్పపువ్వు పంపిస్తానని మాటిచ్చి, మరిచిపోకుండా పంపాడు.

మైదానంలో నల్లవి పెట్టుకుంటే కన్ను ఎటు పోవాలో తెలిసేది కాదు. పసుపు చుక్క చూస్తే చేతి దగ్గర రింగు మసకబారేది, రింగు చూస్తే చుక్క మసకబారేది, రెంటి మధ్యా కట్ట మీద గడ్డిపోచ ఊగితే గుండె ఝల్లుమనేది. చేయి వణికి బాణం ఎక్కడో పడేది. గోధుమరంగువి పెట్టుకుంటే రింగు, రంగు, అంతే. వణుకు లేదు. బాణాలు మళ్లీ పసుపులో పడ్డాయి. సారు సంతోషించారు. నేను గోధుమరంగువే కావాలన్నాను. రింగు బాగా కనబడుతోందని కారణం చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నాకు కావలసింది కనబడడం కాదు, కనబడకపోవడం. తాతయ్య పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చుని, నేను ఒక్కో జత మార్చినప్పుడల్లా నా మొహం చూశాడు.

మర్నాడు పొద్దున ఆయన మైదానంలో కనబడలేదు. టీ తాగడానికి రోడ్డు మీదికి పోయాడనుకున్నాను. గోధుమరంగు అద్దాలు పెట్టుకుని నిలబడ్డాను. లాగి పట్టు, నేను చెప్పేదాకా వదలకు అన్నారు సారు. అది రోజూ చేసేదే. భుజం గట్టిపడడానికి అలా పట్టి నిలబెడతారు. బాణం పెట్టి లాగాను. నారి చెంపకు ఆనింది. రింగులో పసుపు చక్కగా కూర్చుంది. కట్ట మీద తెల్లగా ఏదో ఉంది. కొంగ అనుకున్నాను.

సారు నా పక్కనే, చాలా మెల్లగా అడిగారు. "మీ తాత యాడున్నడు?"

రోడ్డు మీదికి పోయాడన్నాను.

"ఒకసారి పిలువు."

ఎందుకో అర్థంకాలేదు. తాతా అని పిలిచాను.

"ఉన్నా బిడ్డా!"

గొంతు గడ్డిమోపు వెనక నుంచి వచ్చింది. నా బాణం మొన ఎటు ఉందో అటు నుంచే వచ్చిందనిపించింది. కొంగ కదిలింది.

నారి నా వేళ్ల మీద ఉంది. దాన్ని వదలకూడదు, అంతసేపు పట్టుకోవడమూ నావల్ల కాదు. వేళ్లు నావి కానట్టు తిమ్మిరెక్కాయి. ఆ రెండు మూడు ఊపిరులంత సేపు నేను పడ్డ భయం ఈ జన్మలో మళ్లీ పడలేదు, కాన్పు బల్ల మీద కూడా పడలేదు. సారు వెనక నుంచి నా చేతుల మీద తన చేతులు వేసి, విల్లును నేలకు వంచి, నారిని మెల్లగా దించారు. బాణం తీసి పక్కన పెట్టారు. అప్పుడు తెలిసింది, నేను లాగినప్పటి నుంచీ ఆయన చేయి నా మోచేతి కిందే ఉందని.

పరుగెత్తాను. కట్ట ఎక్కి చూస్తే అవతల, బాణం దారికి బాగా పక్కన, కట్ట చాటున గుంతలో తాతయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన పక్కన పక్కింటి అక్క, ఒక పొడవాటి వెదురుకర్ర పట్టుకుని. కర్ర కొసన తాతయ్య తువ్వాలు. నేను చూసిన కొంగ అదే. ఆ పొద్దు అక్క ఆకుకు పోవడం మానుకుని ఈ నాటకానికి వచ్చింది. "కొంగ అనుకున్నవా? గింత బొద్దు కొంగ ఉంటదా పిల్లా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. నేను అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక విల్లు పట్టనన్నాను. ఖమ్మం వద్దు, హాస్టల్ వద్దు, నేనూ మేకల వెంట పోతానన్నాను.

ఏడుపు తగ్గేదాకా తాతయ్య నా వీపు మీద చేయి తీయలేదు. తరవాత ఆయన మా భాషలో మాట్లాడాడు. నాకు చేతనైనట్టు తెలుగులో చెబుతాను. తన విల్లు చూరు కింద ఎందుకు వేలాడుతోందో నాకు తెలుసా అని అడిగాడు. కళ్లు పోయాయి కదా అన్నాను. కళ్లు పూర్తిగా పోవడానికి చాలా ముందే దాన్ని వేలాడదీశానన్నాడు. అప్పటికి జంతువు బాగానే కనబడేదట. జంతువు వెనక ఏముందో కనబడడం మానేసిందట. గూడెం మగవాళ్లు వేటకు పోయినప్పుడు ఒక పద్ధతి ఉండేది. పొదల్లో చెదిరిపోయిన మనుషుల్లో ఎవరైనా గురి పెడితే, వదిలే ముందు ఒక కూత వేస్తాడు. అవతల ఎవరైనా ఉంటే పలుకుతారు. ఆ కూతకు జంతువు పారిపోయినా సరే, కూత వేయాల్సిందే. తన కాలంలో ఎన్ని జంతువులు అలా పారిపోయాయో చెప్పి నవ్వాడు. ఇంటికి ఒట్టి చేతులతో వస్తే నాయనమ్మ సణిగేది, అంతేనన్నాడు.

అంత చెప్పి, సారుకు కూడా వినబడాలనేమో, చివరి మాట తెలుగులో అన్నాడు. "భయం వద్దని నేననను బిడ్డా. చూసి భయపడు. చూడక ధైర్నంగ ఉండకు."

గోధుమరంగు జత ఖమ్మం బస్సులో తిరిగిపోయింది.

ఇక్కడితో నాకు ధైర్యం వచ్చేసిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. నల్ల అద్దాలతో మైదానంలో నిలబడితే కట్ట మీద పాకే తొండ కూడా కనబడేది. చేయి వణికేది. తాతయ్య గూడేనికి తిరిగిపోయేదాకా రోజూ కట్టకు ఒక పక్కన, బాణాల దారికి తప్పుకుని కూర్చునేవాడు. నేను విల్లు ఎత్తి, లాగే ముందు, ఎవరన్నా ఉన్నారా అని కూత వేయాలి. ఆయన తాడు దగ్గర బాట చూసి, ఎవరూ లేకపోతే ఊరకుండాలి. ఎవరైనా వస్తుంటే పలకాలి. ఒక్కోసారి ఎవరూ లేకపోయినా ఆటపట్టించడానికి ఉన్నా బిడ్డా అనేవాడు. నేను విల్లు దించి, కళ్లద్దాల్లోంచి మొత్తం చూసుకుని, ఆయన్ను కోప్పడి, మళ్లీ ఎత్తేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. మెల్లగా కన్ను నేర్చుకుంది. ముందు దూరం చూడు, బాట చూడు, కట్ట చూడు, మోపు చూడు, అప్పుడు పసుపు దగ్గర ఆగు. రింగు మసకగా ఉంటే ఉండనీ. మసక రింగును పసుపు చుట్టూ కూర్చోబెట్టడం చేయి నేర్చుకోగలదు.

ఖమ్మం పోటీలో నేను ఓడిపోయాను. నా వంతులో మోపుల వెనక, చాలా దూరంలో, ఎవరో కుర్చీ మోసుకుని అడ్డంగా పోతున్నారు. అది ప్రమాదమయ్యేంత దగ్గర కాదని అందరూ అన్నారు. నేను విల్లు దించేశాను. ఆయన పూర్తిగా దాటిపోయేదాకా ఎత్తలేదు. ఆలోపు నాకిచ్చిన సమయం అయిపోయింది, ఇంకా బాణాలు మిగిలే ఉన్నాయి. నాన్న మొహం మాడ్చుకున్నాడు, మిల్లు దగ్గర వాళ్లకు ఏం చెప్పుకోవాలని. సారు నా చేతిలోంచి మిగిలిన బాణాలు తీసుకుంటూ, వచ్చే ఏడు చూద్దాం లే అన్నారు. తాతయ్యకు కబురు తెలిస్తే, గూడెంలో నేను నెగ్గొచ్చినట్టు చాటింపు వేశాడట. పక్కింటి అక్క కోడి కోసింది. ఓడిపోయినందుకు కోడి కూర తిన్న ఆటగత్తెను నేనొక్కదాన్నేనేమో.

మరుసటి ఏడు ఎంపికయ్యాను. తరవాత పెద్ద పేరేమీ తెచ్చుకోలేదు, కానీ విల్లు నన్ను వదలలేదు. ఇప్పుడు అలాంటి క్రీడల హాస్టల్లోనే పిల్లలకు నేర్పుతున్నాను. వాళ్ల విల్లులకు రకరకాల రింగులు, దుర్భిణి లాంటి అద్దాలు. మైదానం చుట్టూ ఇనప వల కూడా ఉంది. నా జుట్టు నెరిసింది. మొన్న మళ్లీ ఖమ్మం పోయి కొత్త కళ్లద్దాలు చేయించుకున్నాను. ఈ వయసులో కన్ను మొండికేస్తుంది, దూరం చూపే అద్దంలో రింగు కనబడదు, రింగు చూపే అద్దంలో దూరం కనబడదు. దుకాణంలో అమ్మాయి ఓపిగ్గా రెండూ వేసి చూపించి, "ఏది క్లియర్ ఉండాలె మేడం, సైటా, టార్గెటా?" అని అడిగింది. టార్గెట్ వెనక అన్నాను. ఆ అమ్మాయి అర్థంకాక నవ్వింది. నేను ఇనప చట్రం అలాగే ముక్కు మీద ఉంచుకుని దుకాణం గడప దాటి, మొహం ఎడమకు తిప్పి, మూలలోంచి వీధి చివరిదాకా చూశాను. అక్కడ ఎవరో ఆవిడ కొంగు సర్దుకుంటోంది. ఆమె కొంగు అంచు కనబడేదాకా అద్దాలు మార్పించాను.

భయం నన్ను వదల్లేదు. విల్లు ఎత్తిన ప్రతిసారీ ఆ ఆకుమూట, ఆ అరచేతుల మధ్య ఖాళీ గుర్తుకొస్తాయి. మా పిల్లలకు ఒక అలవాటు చేశాను. వరుసలో నిలబడి, బాణం పెట్టే ముందు, అందరూ కలిసి ఎవరన్నా ఉన్నారా అని కూత వేయాలి. వల ఉంది కదా మేడం, ఎందుకు అని కొత్తగా వచ్చిన పిల్లలు అడుగుతారు. కూత వేయండి, తరవాత చెబుతాను అంటాను. కూత వేశాక అటువైపు చెవి పెట్టి కాసేపు ఆగుతాను. ఎవరూ పలకరు. ఎవరూ పలకకపోతేనే వదలమనాలి. తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. అయినా పిల్లలందరూ నా మాట కోసం చూస్తుండగా, వల అవతల నుంచి ఉన్నా బిడ్డా అని వినబడుతుందేమోనని మరి కాస్త ఆగి, అప్పుడు చేయి ఊపుతాను.